చెట్టు మీది దాణా

ఏప్రిల్ నెలలో ఊరి బయట రోడ్డు పక్కన ఓ అయిదు నిమిషాలు ఆగి, గేదెల కాపరినీ మేకల కాపరినీ చూడండి. గేదెలాయన చూపంతా నేల మీదే. కాలవగట్టున ఎక్కడన్నా నాలుగు పచ్చపోచలు మిగిలాయేమోనని వెతుకుతుంటాడు. మేకలాయన మాత్రం మెడ పైకెత్తి నడుస్తుంటాడు. భుజాన దోటికర్ర. తుమ్మచెట్టు కనబడగానే కొమ్మకి కొక్కెం తగిలించి ఒక్క ఊపు ఊపుతాడు. కాయలు జలజలా రాలతాయి. మేకలు వాటి మీద పడి కరకరా నమిలేస్తాయి. ఎండలు ముదిరేకొద్దీ గేదెల డొక్కలు లోపలికి పోతాయి, మేకలు మాత్రం నిగనిగలాడుతూనే ఉంటాయి.

మేకకి తిండి దొరికేది పైన. ఆ సంగతి దానికీ తెలుసు, దాని వెంట తిరిగేవాడికీ తెలుసు. పాడి రైతులం మనమే పశువు మేత అనగానే గడ్డి అనుకుంటాం. చెట్టంటే నీడ, లేదా కట్టె, లేదా కలప. ఆకు సంగతి గుర్తుకురాదు. ఇవాళ ఆ ఆకు గురించే నాలుగు మాటలు చెప్పుకుందాం. టీ పెట్టుకున్నవాళ్ళు తెచ్చుకుని కూర్చోండి, కథ మెక్సికో దాకా వెళ్ళొస్తుంది.

అన్ని చెట్లూ కాదు లెండి. నేను చెప్పేది కాయల్లో గింజలు వరసగా పేర్చుకునే చెట్ల గురించి. తుమ్మ, జమ్మి, దిరిసెన, సీమచింత, అవిసె, సుబాబుల్, గ్లైరిసీడియా. కందికీ పెసరకీ చుట్టాలే ఇవన్నీ. వీటిలో చాలావాటి వేళ్ళకి చిన్నచిన్న బుడిపెలుంటాయి. వాటిలో కాపురముండే బాక్టీరియా గాలిలోని నత్రజనిని పట్టి చెట్టుకి ఇస్తుంది. మాంసకృత్తులకి మూలసరుకు నత్రజనే కదా! యూరియా బస్తా మొహం చూడకుండానే ఆ చెట్టు ఆకుల్లో మాంసకృత్తులు కూడతాయి. పైగా వేళ్ళు లోతుకి దిగి ఉంటాయి గనుక, పైన గడ్డి ఎండి గరగరలాడుతున్న నెలల్లో కూడా చెట్టు చిగురు వేస్తుంది. మనకి మేత కరువొచ్చే నెలలూ, ఆ చెట్లలో కొన్ని కాయలు రాల్చే నెలలూ దాదాపు ఒకటే.

ఇక వరిగడ్డి సంగతి చూద్దాం. కృష్ణా, గోదావరి డెల్టాల్లో పశువుకి అదే అన్నం. వామి వేసుకుంటే ఏడాదంతా దిగులుండదని పెద్దవాళ్ళ ధీమా. దిగులు లేకపోవచ్చు గానీ, అందులో ఉన్న మాంసకృత్తులు నూటికి మూడు నాలుగు పాళ్ళే. పశువు పొట్ట సరిగా పనిచెయ్యాలంటే మేతలో కనీసం ఏడు పాళ్ళన్నా ఉండాలి. ఆ ఏడుకి తగ్గితే ఏమవుతుందో చూడండి, ఇది చాలామంది గమనించని విషయం.

నెమరువేసే జంతువు గడ్డిని తనంతట తాను అరిగించుకోలేదు. దాని పెద్దపొట్ట వంద లీటర్లు పట్టే పులియబెట్టే కుండ. ఆ కుండలోని రసం ఒక్క మిల్లీలీటరు తీసి చూస్తే వెయ్యి కోట్ల దాకా సూక్ష్మజీవులుంటాయి. గడ్డిలోని పీచుని విరగ్గొట్టేది అవే. గేదె వాటికి గడ్డి మేపుతుంది, అవి ఆ గడ్డిని మార్చి గేదెకి బలం ఇస్తాయి. చివరికి అవే కింది పొట్టలోకి జారి, గేదెకి తామే మాంసకృత్తులైపోతాయి. మరి ఆ జీవాలు పెరగాలంటే నత్రజని కావాలి. వరిగడ్డిలో అది లేదు. వాటి సంఖ్య పడిపోతుంది, గడ్డి అరగడం నెమ్మదిస్తుంది, పొట్ట ఖాళీ అవదు, ఖాళీ అయితే గాని గేదె మళ్ళీ తినదు. అంటే ఎదురుగా వామి ఉండి కూడా గేదె పస్తుంటుందన్నమాట. "ఎంత వేసినా తినదండీ, మూతి తిప్పుకుంటుంది" అని రైతు అనే మాట వెనక ఉన్న కారణం తరచుగా ఇదే. ఆ గేదె ముందు ఓ చంకెడు పచ్చటి పప్పుజాతి ఆకు వేసి చూడండి, ఆకుతోపాటు గడ్డి కూడా ఎక్కువ తింటుంది. ఆకు తన బలం తాను ఇవ్వడమే గాక, గడ్డిలో ఇరుక్కున్న బలాన్ని కూడా బయటికి లాగుతుంది. నా మట్టుకు నాకు ఈ మొత్తం వ్యవహారంలో బాగా నచ్చే సంగతి ఇదే.

లెక్క అడిగేవాళ్ళు ఉంటారు, ఉండాలి కూడా. సుబాబుల్ ఆకుని ఎండబెట్టి తూస్తే అందులో మాంసకృత్తులు నూటికి ఇరవై నుంచి పాతిక పాళ్ళు. పచ్చి ఆకులో మూడొంతులు నీళ్ళే గనుక, పది కిలోల పచ్చి ఆకు వేస్తే గేదెకి అయిదారు వందల గ్రాముల మాంసకృత్తులు అందుతాయి. వేరుశనగ చెక్కలో అంత రావాలంటే సుమారు కిలోంబావు నుంచి కిలోన్నర కావాలి. చెక్క ధర నేను చెప్పక్కర్లేదు, కొనేవాళ్ళకి రోజూ గుర్తుంటుంది. ఆకుకి కొడవలి, ఓ అరగంట శ్రమ చాలు. దాణా మొత్తం మానేసి ఆకే వెయ్యమని అనడం లేదు. పది లీటర్లిచ్చే గేదెకి అది చాలదు. కానీ దాణా బస్తా వారం రోజులు ఎక్కువ వస్తే చేదా?

మన పాతచెట్ల గురించి రెండు మాటలు. నల్లతుమ్మ కాయ మేకకి మిఠాయి. కాయే కాదు, గింజ నమిలి మింగితే అందులోనూ మాంసకృత్తులుంటాయి. నమలకుండా మింగితే మాత్రం గింజ అరగకుండానే బయటికి పోతుంది, అందుకే మందలు పడుకున్న చోటల్లా తుమ్మమొక్కలు లేస్తాయి. దిరిసెన ఎండాకాలం మొదట్లో రాల్చే ఆకునీ కాయనీ పశువులు ఏరుకు తింటాయి. జమ్మికి మనం దసరాకి మొక్కుతాం, తెలంగాణ దాన్ని రాష్ట్ర వృక్షంగా పెట్టుకుంది. రాజస్థాన్ ఎడారి రైతు ఆ జమ్మినే ఏటా కొమ్మలు నరికి, ఆకు ఎండబెట్టి, లూంగ్ అని పేరుపెట్టి గొర్రెలకీ ఒంటెలకీ దాస్తాడు. మన దగ్గర ఆ అలవాటు లేదు. 2019 పశుగణన ప్రకారం దేశం మొత్తంలో గొర్రెలు ఎక్కువున్న రాష్ట్రం తెలంగాణ, ఒక కోటీ 91 లక్షలు. తరవాతిది ఆంధ్రప్రదేశ్, ఒక కోటీ 76 లక్షలు. ఇన్ని జీవాలు పెట్టుకుని, చెట్టు మేత బాధ్యత మొత్తం కాపరి దోటికర్ర మీద వదిలేశాం.

తుమ్మజాతి ఆకుల్లో ఒక చిక్కుంది. వగరు. నాలుకని పట్టేసే ఆ వగరు పదార్థాలు ఎక్కువైతే మాంసకృత్తుల్ని బిగబట్టి అరగనివ్వవు. కొంచెమైతే మేలే చేస్తాయి, పెద్దపొట్టలో సూక్ష్మజీవుల వాత పడకుండా కొంత మాంసకృత్తిని తప్పించి కింది పొట్ట దాకా చేరుస్తాయి. మేక నోటికి ఈ వగరు లెక్కలేదు. గేదెకి, ఆవుకి అంత తట్టుకునే శక్తి లేదు. కనుక మేక తిన్నదల్లా గేదెకి పెడదామనుకోకండి.

అవిసెకి ఆ పేచీ లేదు. మెత్తటి ఆకు, మాంసకృత్తులు సుబాబుల్ కంటే ఎక్కువే ఉంటాయి గాని తక్కువ ఉండవు. గుంటూరు జిల్లా తమలపాకు తోటల్లో తీగ పాకడానికి వరసగా అవిసె చెట్లే వేస్తారు. తీగకి ఎండ సరిపడా తగలడానికి వాటి రెమ్మలు కోస్తూ ఉంటారు, ఆ రెమ్మలు పశువుల ముందుకి వెళతాయి. అంటే తాంబూలం, పాలు రెండూ ఒక్క చెట్టు చలవే. కానీ అవిసె సున్నితపు మనిషి. మోడు కొట్టేస్తే తిరిగి చిగురించకుండా చచ్చిపోతుంది. పక్క రెమ్మలు కొయ్యాలి, తల ఉంచాలి. నెలన్నరకోసారి మొండెం దాకా నరికినా మళ్ళీ గుబురుగా లేచే మొండిచెట్టు కావాలంటే సుబాబుల్ దగ్గరికే రావాలి.

ఇంతకీ ఈ సుబాబుల్ మనది కాదు. పుట్టిల్లు మెక్సికో దక్షిణాన, దాని చుట్టుపక్కల మధ్య అమెరికా. అక్కడి జనం లేత కాయల్లోని గింజల్ని తింటారు, చెట్టుని గువాహే అంటారు. అక్కడి వహాకా అనే రాష్ట్రానికి ఆ పేరు ఈ చెట్టు వల్లనే వచ్చింది. స్పెయిన్ వాళ్ళ ఓడలు మెక్సికో నుంచి ఫిలిప్పీన్స్‌కి రెండున్నర శతాబ్దాలు తిరిగాయి. ఆ ఓడల్లో పశువుల మేతగా ఈ చెట్టు గింజ సముద్రం దాటిందని చెబుతారు. ఫిలిప్పీన్స్‌లో ఇపిల్-ఇపిల్ అయింది, ఇండోనేషియాలో లాంతోరో అయింది, హవాయిలో కోవా హవోలే అయింది. వెళ్ళినచోటల్లా కాఫీతోటలకి నీడ, వంటచెరకు, పశువుకి మేత.

1970లలో దీనికి ఒక్కసారిగా దశ తిరిగింది. హవాయి విశ్వవిద్యాలయంలో జేమ్స్ బ్రూబేకర్ అనే ఆయన పొట్టిపొదల మధ్య నుంచి ఎత్తుగా, నిటారుగా పెరిగే రకాలు ఏరి బయటపెట్టాడు. 1977లో అమెరికా నేషనల్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ ఈ ఒక్క చెట్టు మీదే ఒక పుస్తకం వేసింది. ఇక చూడండి, ఉష్ణమండల దేశాలన్నిటా అద్భుత వృక్షం అని ఒకటే మోత. అద్భుతం అన్న మాట విన్నప్పుడల్లా కొంచెం వెనక్కి జరిగి కూర్చోవడం మంచిదని నా అభిప్రాయం, ఎందుకో ముందు ముందు మీకే తెలుస్తుంది.

మన దేశంలో దీన్ని ఊరూరికీ చేర్చినవాళ్ళలో ముందు చెప్పుకోవలసిన పేరు మణిభాయ్ దేశాయ్. గాంధీగారి శిష్యుడు. పుణె దగ్గర ఉరుళీకాంచన్‌లో గాంధీగారు మొదలుపెట్టిన ప్రకృతి చికిత్సాలయం బాధ్యత తీసుకుని, ఆ ఊళ్ళోనే జీవితమంతా ఉండిపోయాడు. 1967లో బైఫ్ అనే సంస్థ పెట్టి సంకరజాతి ఆవుల్ని పేద రైతు ఇంటికి చేర్చాడు. 1982లో ఆయనకి మెగసెసే అవార్డు వచ్చింది. ఆవుని ఇస్తే సరిపోదు, దానికి మేత కూడా ఉండాలి గదా, అందుకని సుబాబుల్. ఆవుతో మొదలైన మనిషి చెట్టు దగ్గరికి వచ్చాడు. ఆ వరస నాకు సబబుగా తోస్తుంది.

మన దగ్గర వరస తిరగబడింది. ప్రకాశం, కృష్ణా, గుంటూరు జిల్లాల్లో సుబాబుల్ అంటే రైతుకి గుర్తొచ్చేది లారీ, వేబ్రిడ్జి, టన్ను ధర. కాగితం మిల్లుకి పోయే కర్ర. మూడు నాలుగేళ్ళు పెంచడం, నరకడం, తొక్క తీసి పంపడం. ధర ఉన్న ఏడు నవ్వు, లేని ఏడు ధర్నా. ఆ గొడవ వేరే కబుర్లకి దాచుకుందాం. నాకు అర్థం కానిదల్లా ఒకటే, చెట్టు నరికిన రోజున ఆకు గుట్టలుగా నేలపాలవుతుంటే, అదే రైతు సాయంత్రం చెక్క కొనడానికి దుకాణానికి వెళతాడు. ఆకు తినడానికి వచ్చేది మేకలాయనే. మళ్ళీ ఆయనే గెలిచాడు.

ఇప్పుడు అసలు కథ. ఇది కొంచెం తీరిగ్గా చెప్పాలి.

సుబాబుల్ మేసిన గుర్రానికి తోక వెంట్రుకలూ జూలూ రాలిపోతాయి. ఈ సంగతి ఆ చెట్టు పెరిగే దేశాల్లో ఎప్పట్నుంచో తెలుసు. కారణం ఆకులోనూ గింజలోనూ ఉండే మిమోసిన్ అనే పదార్థం. అది కూడా ఒక అమైనో ఆమ్లమే, కాకపోతే ఒంటికి పట్టేది కాదు. వెంట్రుక పెరిగే చోట కణాలు విభజన కాకుండా అడ్డుపడుతుంది. నెమరువేసే జంతువులకి అంత కష్టం లేదు, పెద్దపొట్టలో సూక్ష్మజీవులు మిమోసిన్‌ని విరగ్గొట్టేస్తాయి. హమ్మయ్య అనుకునేలోగా ఇంకో తంటా. విరిగి వచ్చే పదార్థం పేరు డీహెచ్‌పీ. అది మెడ దగ్గర థైరాయిడ్ గ్రంథిని పట్టుకుంటుంది. గ్రంథి వాస్తుంది, పశువు నీరసిస్తుంది, చొంగ కారుస్తుంది, మేత మానేస్తుంది, బరువు పెరగదు.

ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ వాళ్ళకి ఇది పెద్ద తలనొప్పి అయింది. ఎద్దులు సుబాబుల్ పొలంలో మొదట బ్రహ్మాండంగా పెరిగి, కొన్ని నెలలకి డీలా పడేవి. అక్కడ టౌన్స్‌విల్‌లో సీఎస్ఐఆర్ఓ అనే ప్రభుత్వ పరిశోధన సంస్థలో రేమండ్ జోన్స్ అనే శాస్త్రవేత్త ఉండేవాడు. ఆయనకొచ్చిన సందేహం చాలా మామూలుది. హవాయిలో మేకలు ఇదే చెట్టుని, ఇదే ఆకుని, పొద్దస్తమానం మేస్తున్నాయి గదా, వాటికెందుకు ఏమీ కావడం లేదు? చెట్టు రకంలో తేడా లేదు. వాతావరణం తేడానా అంటే అదీ కాదు. మేకల మూత్రం పరీక్ష చేస్తే అసలు సంగతి బయటపడింది. ఆస్ట్రేలియా పశువుల మూత్రంలో గంపెడు కనబడే డీహెచ్‌పీ, హవాయి మేకల మూత్రంలో దాదాపు లేదు. అంటే ఆ మేకల పొట్టలో దాన్ని తినేసే జీవమేదో ఉంది. ఎప్పట్నుంచో సుబాబుల్ ఉన్న చోట పశువుల పొట్టల్లో ఆ జీవం కాపురం పెట్టింది. కొత్తగా చెట్టుని తెచ్చుకున్న ఆస్ట్రేలియా వాళ్ళు చెట్టుని తెచ్చారు గానీ, దానితో రావలసిన పొట్టలోని చుట్టాన్ని తేలేదు.

1980ల మొదట్లో హవాయి మేకల పొట్టలోని సూక్ష్మజీవుల్ని ఆస్ట్రేలియాకి చేర్చారు. గాలి తగిలితే చచ్చిపోయే జాతి అది, జాగ్రత్తగా తేవాలి. వాటిని అక్కడి మేకల పొట్టలోకి, తరవాత ఎద్దుల పొట్టలోకి పంపించారు. కొన్నాళ్ళకే మూత్రంలో డీహెచ్‌పీ పడిపోయింది, పశువులు కోలుకున్నాయి. ఇంకో వింత, మందలో కొన్నిటికి పోస్తే చాలు, కలిసి మేసే మిగతావాటికి అదంతట అదే అంటుకుంది. చెడుకే కాదు, మంచికీ అంటువ్యాధి ఉందన్నమాట! 1992లో ఆ బాక్టీరియాకి జోన్స్ పేరు కలిసేలా సైనర్జిస్టీస్ జోన్సీ అని నామకరణం చేశారు. ఒక శాస్త్రవేత్తకి మేక పొట్టలోని పురుగులో చిరంజీవత్వం దొరకడం నాకు భలే ముచ్చటగా అనిపిస్తుంది. ఇప్పటికీ క్వీన్స్‌లాండ్ రైతులు ఆ సూక్ష్మజీవులున్న ద్రవాన్ని తెప్పించుకుని పశువులకి పట్టిస్తారు. సుబాబుల్ వరసలూ మధ్యలో గడ్డీ ఉన్న వాళ్ళ పొలాల్లో ఒక ఎద్దు ఏడాదికి 250 నుంచి 300 కిలోల బరువు పెరుగుతుంది. దాణా గింజ వెయ్యకుండా.

మన పశువుకి ఆ సీసా కొనాలా అని అడగకండి. మనం చెయ్యవలసింది అంతకన్నా సులువు. మొత్తం మేతలో ఎండు లెక్కన మూడో వంతుకి మించి సుబాబుల్ పెట్టకూడదు. మిగతాది వరిగడ్డి, చొప్ప, పచ్చగడ్డి ఏదైనా కానివ్వండి. ఇందాక చెప్పిన పది కిలోలు పెద్దగేదెకి ఆ హద్దులోపలే ఉంటాయి. మొదటి వారం రెండు కిలోలతో మొదలుపెట్టి పెంచుకుంటూ పోవాలి. కోసిన ఆకుని ముక్కలు చేసి కాసేపు వాడనిస్తే మిమోసిన్ కొంత తగ్గుతుంది కూడా. లేత చిగుళ్ళలో అది ఎక్కువ, కాబట్టి చిగుళ్ళే ఏరి పెట్టొద్దు. చూడిపశువుకి మరీ తక్కువ చాలు.

అద్భుతం అన్నప్పుడు వెనక్కి జరిగి కూర్చోమన్నాను గదా. తిమోర్ దీవి కథ వినండి. ఇండోనేషియాలో ఆ దీవి పడమటి భాగాన అమరాసి అనే చోటుంది. 1930లలో అక్కడి రాజు, పొలాన్ని బీడుపెట్టి వెళ్ళే ప్రతివాడూ ముందు సుబాబుల్ వరసలు నాటి వెళ్ళాలని కట్టడి చేశాడు. లంటానా కంప కమ్మేస్తున్న నేలని బాగుచెయ్యడానికి. ఓ తరం గడిచేసరికి కొండలన్నీ సుబాబుల్. తరవాత 1970లలో జనం కోడెల్ని ఇంటి దగ్గరే గుంజకి కట్టి, రోజూ ఆ ఆకు కోసుకొచ్చి మేపి, కండపట్టాక ఓడలెక్కించి అమ్మడం నేర్చారు. మిగతా తిమోర్‌లో ఎండాకాలం పశువులు ఎముకల గూళ్ళైతే, అమరాసిలో కోడెలు బలుస్తుండేవి. ఒక్క చెట్టు మీద ఊళ్ళకి ఊళ్ళు బతికాయి.

ఒక్క చెట్టు మీద అన్నాను చూశారా, అక్కడే ఉంది చిక్కు. సిల్లిడ్ అని గోధుమగింజలో సగం కూడా ఉండని రసం పీల్చే పురుగు. సుబాబుల్ చిగురంటే దానికి ప్రాణం. 1984లో హవాయిలో కనబడింది, 1985కి ఫిలిప్పీన్స్, 1986కి ఇండోనేషియా, 1988కి మన దేశం. వరసగా ఎవరో టికెట్ కొని పంపినట్టు ప్రయాణం చేసింది. చిగురల్లా మాడిపోయి అమరాసిలో మేత లేక పశువుల్ని అయినకాడికి అమ్ముకున్నారు. కొన్నేళ్ళకి అక్షింతల పురుగుల్లాంటి శత్రువులు దానికి తగులుకుని ఉద్ధృతి తగ్గింది. ఇప్పుడు ఆస్ట్రేలియాలో దాన్ని తట్టుకునే రెడ్‌ల్యాండ్స్ అనే రకం కూడా ఉంది. అయినా అమరాసి చెప్పిన సంగతి మరచిపోలేం. గట్టు మీద సుబాబుల్ ఉంటే పక్కన ఇంకో జాతి చెట్టు కూడా ఉండాలి.

మరో నింద కూడా ఉంది, అది నిజమైన నింద. ప్రపంచంలో అతి దుష్టమైన నూరు చొరబాటు జాతుల జాబితాలో సుబాబుల్ పేరుంది. ఏటా కుప్పలుగా కాయలు కాస్తుంది, గింజ ఎక్కడ పడితే అక్కడ మొలుస్తుంది, వాగుల వెంట దట్టంగా కమ్మేసి వేరే మొక్కని బతకనివ్వదు. మనకి సర్కారు తుమ్మ అనుభవం ఉండనే ఉంది. 1870లలో మన కడప ప్రాంతంలో తెచ్చి నాటారు. వంటచెరకు కొరత తీరుతుందన్నారు. తీరింది కూడా. కాయ తియ్యగా ఉంటుంది, మేకలు ఇష్టంగా తిని గింజల్ని ఊరూరా చల్లాయి. ఆకు మాత్రం ముట్టవు. అందుకే అది చెరువులూ బీళ్ళూ అన్నీ ఆక్రమించింది. సుబాబుల్‌కీ దానికీ తేడా అక్కడే ఉంది. సుబాబుల్ ఆకు తినేది, నిరంతరం కోసేది. పూతకి రాకముందే కొడవలి పడితే అది మేతపొద. రెండేళ్ళు మరచిపోతే అడవి. చెట్టుని నిందించేముందు కొడవలి ఎవరి చేతిలో ఉందో చూడాలంటాను. ఏ కోతా లేకుండా వాగొడ్డున సుబాబుల్ నాటేవాడిని మాత్రం నేను వెనకేసుకురాను.

నాటడం ఎలా అంటే, గింజ పెంకు గట్టిది. నీళ్ళు మరిగించి పొయ్యి మీంచి దించి, గింజల్ని అందులో రెండు మూడు నిమిషాలుంచి వార్చి, చన్నీళ్ళలో రాత్రంతా నానబెట్టాలి. తొలకరి పడ్డాక విత్తుకోవాలి. ఆ నేలలో ఎప్పుడూ లేని పంటయితే గింజకి రైజోబియం, అంటే ఇందాక చెప్పిన వేరు బుడిపెల బాక్టీరియా, పట్టిస్తే మంచిది. నీరు నిలిచే చోట, పుల్లనేలలో ఇది రాదు, అక్కడ వెయ్యకండి. మొదటి మూడు నెలలు మొక్క ఏడిపిస్తుంది, నత్తనడక. కలుపు తియ్యాలి. మేకలు పడకుండా కంప కట్టాలి, ఎందుకంటే మేక ఆకుతో సరిపెట్టుకోదు, బెరడు కూడా ఒలుస్తుంది. అయిదారు నెలలకి ఛాతీ ఎత్తు వస్తుంది, అప్పుడు మొదటి కోత. నేలకి మూడడుగులు వదిలి కొయ్యండి. మరీ కిందకి కోస్తే తిరిగి లేవడం నెమ్మదిస్తుంది. తడి ఉన్న చోట నలభై యాభై రోజులకోసారి, వానాధారమైతే రెండు నెలలకోసారి కోతకొస్తుంది. ఒకసారి నిలదొక్కుకుంటే ఇరవై ముప్ఫై ఏళ్ళు మళ్ళీ విత్తే పనిలేదు. పాలిచ్చే పశువుకి పితికిన తరవాతే వెయ్యండి. పితికే ముందు వేస్తే పాలకి ఆకువాసన పడుతుంది, పాలకేంద్రంలో మొహం చిట్లిస్తారు.

పక్కన నాటమన్న ఇంకో జాతి ఏదంటే, గ్లైరిసీడియా. అదీ మెక్సికో వైపుదే. మన మెట్ట రైతులు పచ్చిరొట్ట ఎరువుకోసం గట్ల మీద ఇప్పటికే వేస్తున్నారు. విత్తనం కూడా అక్కర్లేదు, బొటనవేలి లావు కొమ్మ గుచ్చితే చాలు. వెయ్యగానే పశువు మూతి తిప్పుకుంటుంది, ఆ ఆకుకి అదో వాసన. ఓ పూట వాడబెట్టి, కొంచెం ఉప్పునీళ్ళో బెల్లంనీళ్ళో చిలకరించి నాలుగు రోజులు అలవాటు చెయ్యాలి. అలవాటు పడ్డాక అదే కావాలంటుంది. అదీ నెమరువేసేవాటికే. దాని పేరుకి అర్థమే ఎలుకల్ని చంపేది అని. చెట్టు అంత ఎత్తు వద్దనుకునేవాళ్ళకి దశరథగడ్డి ఉంది. సుబాబుల్‌కి పిన్నికూతురు లాంటిదే. పొదలా ఉంటుంది, విత్తనం సులువుగా దొరుకుతుంది, పశువైద్యశాలలో అడిగితే ఎక్కడ కొనాలో చెబుతారు.

ఎక్కడో విడిగా ఎకరం కేటాయించమని నేను ఎవరినీ అడగను. పొలం చుట్టూ గట్టుంది, పశువులకొట్టం వెనక జాగా ఉంది. రెండు వరసలు, యాభై గజాలు వేసి, ఒక ఏడాది చూడండి. ఆవు, గేదె, గొర్రె, మేక, వీటికే సుమా! నెమరువెయ్యని పంది, కుందేలు, గుర్రాల దరిదాపులకి ఈ ఆకు చేరనివ్వకండి. మీ ఊళ్ళో పెళ్ళి ఊరేగింపులకి గుర్రం తిప్పేవాళ్ళుంటే, దాన్ని మీ గట్టుకి ఎడంగా కట్టుకోమని ముందే చెప్పి ఉంచండి. తోక ఊడాక వచ్చి మీతో పోట్లాడితే నాకు సంబంధం లేదు.